సీసం ముట్టిన చెయ్యి

నల్లగొండ

బిడ్డా,

నువ్వు జర్మనీకి పైపు ఆర్గాన్లు, గదే గాలితోని పలికే పెద్ద పెద్ద గొట్టాల వాయిద్యాలు, చేసే పని నేర్వను పోతున్నవని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. నువ్వు చెప్పలే. తాత వద్దంటడనుకున్నవు. అందామనే అనుకున్న. ఆ రాత్రి నిద్ర పట్టక నువ్వు పంపిన వీడియో నాలుగుసార్లు చూసిన. నిలువెత్తు పైపుల నడుమ ఒక పిల్ల చెవి పెట్టి ఇంటున్నది. చిన్నప్పుడు నా హార్మోనియం రిపేరు దుకాణంల తిత్తి పక్కన నువ్వు గట్లనే కూసునేదానివి.

మూడున్నరేండ్ల నేర్పట. 2017ల యునెస్కో గూడ ఆ పనిని గొప్పదని జాబితాకెక్కించిందట. నాకు అదేం పట్టలేగని, మొన్నమొన్నటి దాంక ఆ చదువు పేరులనే 'ఆర్గాన్, హార్మోనియం' అని రెండూ ఉండేనని ఇన్నంక పానం నిమ్మలమైంది. మన పెట్టెకు ఆడ చుట్టాలున్నరన్నట్టు.

ఉన్ని బట్టలు తీస్కపో. భాష నేర్చుకో. కాయితాలు రెండు సెట్లు తీపించు. గంతే.

ఇగ శ్రుతి సంగతి. 1983ల చెర్వుగట్టు జాతరకు పోయే భజనోళ్లు పొద్దుగూకంగ పెట్టె తెచ్చిన్రు. ఒక్క రీడు, గాలికి పలికే ఇత్తడి రేకు, కిందికి పలుకుతున్నది. బస్సుకు టైమైతున్నదని వాళ్ల తొందర, నాకు పనొచ్చని నా తొందర. రీడు కొస గీకితే శ్రుతి పైకి పోతది, మొదట్ల గీకితే కిందికొస్తదని నీకెరికే. తీసిన, కొస గీకిన, పెట్టిన. సరిపోయింది. రెండు నిమిషాలు వాయించంగనే పైకి పోయింది! మొదట్ల గీకిన. మళ్ల కిందికొచ్చింది. మళ్ల కొస. ఆఖరుకు దీపం కాడ పట్టి చూస్తే రీడు కొసన ఇంకింత విభూతి అంటుకొని ఉన్నది. భజనోళ్ల పెట్టె గద, ఏండ్లకేండ్ల విభూతి. ఆ బరువుకే అది కిందికి పలికింది. కొంత రాలినంక పైకి పోయింది. బుర్రుసుతోని ఒక్కసారి దులిపితే అయిపోయే పనికి ఇత్తడినే పలచగ చేసిన. గీకిన ఇత్తడి మళ్ల అతకదు బిడ్డా.

నడిరాత్రి జాతరల పాట మధ్యల ఆ రీడు ఇరిగింది. నేను ఆడనే ఉన్న. భజన పాడే ముసలాయన నా దిక్కు చూడనన్న చూడలే. ఆ మెట్టు తగలకుండ వేరే శ్రుతిల తెల్లారేదాంక పాడిండు. గొంతుకు అందక దగ్గుకుంట పాడిండు. పొద్దున నా చేతిల ఐదు రూపాయలు పెట్టిండు. తిట్టినా బాగుండు. ఆ నోటు నెలరోజులు ఖర్చు పెట్టలే.

గందుకే, పైపు పలకకపోతే ముందుగాల దుమ్మున్నదా, పురుగు పడ్డదా చూడు. చేత్తోని పట్టుకున్న పైపుకు వెంటనే శ్రుతి చూడకు; చెయ్యి వేడికే లోపటి గాలి కాగి శ్రుతి పైకి పోతది. కింద పెట్టి కొంచెం సేపు ఆగు. నీకు ఆగుడు రాదు, నా పోలికే.

ఇంకొకటి. ఆ పైపులకు తగరం, సీసం కరిగించి పొడుగు బల్ల మీద రేకుగ పోసి, చిత్రిక పట్టి, గొట్టంగ చుట్టి అతుకుతరట. ఆ సీసం మాట ఇన్నకాడికెల్లి నాకు గుబులు. నవ్వకు. మర్రిగూడ దిక్కు మా బాయి నీళ్లు అద్దంలెక్క ఉండేటివి, తియ్యగ ఉండేటివి. ఫ్లోరైడ్ కంటికి కనవడ్డదా? ఇప్పుడు నేను మెడ తిప్పాల్నంటే మనిషినే తిప్పాలె. పటిక, సున్నం ఏసి నీళ్లల ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని మన ఊరి పేరే పెట్టిన్రు, అదొక పేరు! కృష్ణ నీళ్లొచ్చేటాలకు మా ఎముకలు గట్టివడ్డయి.

సీసం ముట్టిన చేత్తోని బుక్క ముట్టకు. గోర్లు పెంచకు, రంగు గింగు అసలే వద్దు. పని బట్టలు వేరే పెట్టుకో. అమ్మమ్మ అప్పాలు చేసి పంపుతున్నది. పని కాడికి తీస్కపోకు, రూముల తిను. వాళ్లు అడిగినా అడగకపోయినా రక్తంల సీసం పరీక్ష చేయించుకో. నువ్వు చేసిన పైపు పాట తర్వాత పంపుదువుగని, ముందుగాల ఆ రిపోర్టు పంపు.

మీ తాత