చెదిరే చుక్కల గుంపు

ప్రశ్న: మేష్టారూ, కిరాణా కొట్టులో కూర్చుని సైన్స్ ఫిక్షన్ నవల రాస్తున్నాను. ఒక నక్షత్ర గుచ్ఛం వందేళ్లలో చెదిరిపోయి, దాన్ని ఏలే క్రూర సామ్రాజ్యం కూలుతుంది. మరి అక్కడి గ్రహాలు ఏమైపోతాయి?
– ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: గ్రహాల గురించి టెన్షన్ వద్దు బాబూ. గుచ్ఛం చెదరడమంటే పేలిపోవడం కాదు. మీ ఊరి రథయాత్ర అయ్యాక జనం పిల్లల్ని వెంటబెట్టుకుని ఎవరి దారిన వాళ్లు పోరూ? నక్షత్రాలూ చాలావరకు తమ గ్రహాలతో అలాగే విడిపోతాయి.

తేడా అంతా మీ వందేళ్ల దగ్గరే. మనకు కనిపించే కృత్తికలూ అలాంటి గుచ్ఛమే, వాటి వయసు సుమారు 10 కోట్ల ఏళ్లు. చెదరడానికి ఇంకో 25 కోట్ల ఏళ్లు పడుతుందని అంచనా. (చిన్నప్పుడు బరంపురం మేడ మీద ఆరు లెక్కపెట్టేవాణ్ణి, ఇప్పుడు వీధి దీపాల వెలుగులో నాలుగే.)

కాబట్టి సామ్రాజ్యాన్ని దూరంతో కూల్చండి. పక్క నక్షత్రానికి ఒక కాంతి సంవత్సరం (కాంతి ఏడాదిలో వెళ్లే దూరం) ఉన్నా, పన్ను కట్టమని కాంతి వేగంతో కబురు పంపితే జవాబు రావడానికి రెండేళ్లు. ఈలోగా అక్కడి అధికారి పోయి ఉండొచ్చు.

ముసలి లోకమే కావాలంటే వృశ్చికంలోని ఎం4 గుచ్ఛం చూడండి. దాని వయసు దాదాపు 1,200 కోట్ల ఏళ్లు. అందులో ఒక గ్రహం ఒక పల్సార్ (గిర్రున తిరిగే చచ్చిన నక్షత్రపు అవశేషం), ఒక శ్వేత కుబ్జ తార (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం) జంట చుట్టూ ఇప్పటికీ తిరుగుతోంది. మీ చక్రవర్తిని అక్కడ కూర్చోబెట్టండి.