పాపీ పూల పొలం, మన హాలు గోడ
చిత్రకళ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: పారిస్ వెళ్ళిన మా అమ్మాయి క్లోద్ మోనే వేసిన పాపీ పూల పొలం చిత్రానికి ప్రింటు తెచ్చింది. దూరం నుంచి ముచ్చటగా ఉంది గాని, దగ్గరికి వెళ్ళి చూస్తే పూలకు రేకులు లేవు, మనుషులకు ముఖాలు లేవు, అంతా ఎర్రటి మరకలే. ప్రింటు సరిగా రాలేదా? అందులో తల్లీబిడ్డల జంటలు రెండు ఎందుకున్నాయి?
– ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: ప్రింటు సరిగానే వచ్చిందండి. ఆ పూలకు మోనే కూడా రేకులు వేయలేదు. 1873లో ఆయన ఈ చిత్రం వేసేనాటికి పారిస్‌కు వాయవ్యంగా, సేన్ నది ఒడ్డున ఉన్న అర్జాంతేయ్ అనే ఊళ్ళో కాపురం ఉన్నారు. ఆ ఊరి దాపున గట్టు వాలు మీద విరబూసిన ఎర్రపూలను ఒక్కొక్క పువ్వుగా కాక, గాలికీ వెలుతురుకూ కదిలే ఎరుపుగా పట్టుకోవాలన్నది ఆయన ప్రయత్నం. అందుకే ముందు భాగంలో పెద్ద పెద్ద ఎర్రచుక్కలు పెట్టి, వాలు పైకి పోయేకొద్దీ వాటిని చిన్నవి చేస్తూ పోయారు. దూరాన్ని సూచించే పనిని కూడా చాలావరకు ఆ చుక్కలే చేస్తున్నాయి.

ఆ చుక్కలు అంతగా మెరవడానికి కారణం వాటి కింద ఉన్న పచ్చదనం. గోబెలాఁ నేత కర్మాగారంలో రంగుల విభాగాన్ని పర్యవేక్షించిన మిషెల్ షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త, పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాని తీరును ఒకటి ఎలా మార్చేస్తాయో వివరిస్తూ 1839లో ఒక గ్రంథం వెలువరించారు. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన చేరితే రెండూ మరింత తీక్షణంగా కనిపిస్తాయన్న ఆ సూత్రం ఆనాటి చిత్రకారులలో బాగా ప్రచారమైంది. ఆకుపచ్చ పట్టుచీరకు ఎర్రంచు వేసే మన నేతగాళ్ళకు ఈ సంగతి ఏ గ్రంథమూ చెప్పనక్కరలేదనుకోండి.

ఇక జంటల మాట. ముందున్న గొడుగు మహిళ మోనే భార్య కమీల్ అనీ, పక్కనున్న పిల్లవాడు 1867లో పుట్టిన వారి కుమారుడు జాఁ అనీ సాధారణంగా భావిస్తారు. గట్టు పైన, ఎడమవైపు, మరో తల్లీబిడ్డల జంట చిన్నగా కనిపిస్తుంది. అది వేరొక జంట కాదనీ, వీరే నడిచి వస్తున్న వైనాన్ని రెండుసార్లు చూపించారనీ ఒక వ్యాఖ్యానం ఉంది. ఏ విధంగా తీసుకున్నా, మన చూపు పై జంట దగ్గర మొదలై పూల వాలు వెంబడి కిందికి దిగి వస్తుంది. ఈసారి చిత్రాన్ని రెండు భాగాలుగా చూడండి: ఎడమవైపు ఎరుపు రాజ్యం చేస్తుంటే, కుడివైపు నీలం కలిసిన పచ్చదనం పరుచుకొని ఉంటుంది.

1874 ఏప్రిల్ 15న, ఫొటోగ్రాఫర్ నదార్ ఖాళీ చేసిన పారిస్ స్టూడియోలో మోనే, ఆయన తోటి చిత్రకారులు కలిసి పెట్టిన మొదటి ప్రదర్శనలో ఈ చిత్రం కూడా ఉంది. ‘ఇంప్రెషనిస్టులు’ అన్న పేరు వారికి ఆ ప్రదర్శనను వెక్కిరిస్తూ విమర్శకుడు లూయీ లెరువా రాసిన వ్యాసం వల్లనే స్థిరపడింది. అసంపూర్తిగా వదిలేసిన బొమ్మలని ఆనాడు నవ్వినవారికీ, ఈనాడు మీకూ వచ్చిన అనుమానం ఒకటే. చిత్రానికి ఏడెనిమిది అడుగుల దూరంలో నిలబడితే మరకలు పూలవుతాయి. మీ హాల్లో అంత దూరం దొరికే గోడనే దీనికి కేటాయించండి. ఇరుకైన నడవా దీనికి పనికిరాదు.

అన్నట్టు, ఈ పువ్వు మన మసాలాలో వేసే గసగసాల మొక్కకు దగ్గరి చుట్టమే గాని అదే మొక్క కాదు. ఐరోపాలో గోధుమ చేల మధ్య తనంతట తాను మొలిచే జాతి ఇది.

ప్రశ్న: మా ఇల్లు సముద్రానికి దగ్గర. ఇదే చిత్రం ప్రింటును హాల్లో పడమటి కిటికీకి ఎదురుగా తగిలిస్తే, ఏడాదిన్నరలో పూలు వెలిసిపోయి పొలం నీలంగా మారింది. కొత్తది తెప్పిస్తే ఎలా కాపాడుకోవాలి?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, విశాఖపట్నం

జవాబు: ఎండ తగిలిన గోడపత్రాలన్నిటికీ జరిగేదే మీ చిత్రానికీ జరిగింది. చవక సిరాల్లో ఎరుపునిచ్చే రంగులు ముందుగా వెలుస్తాయి, నీలం ఎక్కువకాలం నిలుస్తుంది. మరే చిత్రంలోనైనా అది కొంత సరిపెట్టుకోగలిగిన నష్టం గాని, ఎరుపే ప్రాణమైన ఈ చిత్రంలో సరిపెట్టుకోలేము. కాబట్టి కొత్త ప్రింటును పిగ్మెంట్ సిరాతో (రంగు పొడితో చేసే ఈ సిరా త్వరగా వెలవదు), ఆమ్లం లేని కాగితం మీద వేయించండి. పడమటెండ నేరుగా పడని గోడ చూసుకోండి. అతినీలలోహిత కిరణాలను అడ్డుకొనే అద్దం వేయించడం మంచిదే, అయితే మామూలు వెలుతురు కూడా రంగును తింటుంది గనుక, అద్దాన్ని నమ్ముకొని ఎండలో పెట్టవద్దు.

చెమ్మ రెండో శత్రువు. ప్రింటు అద్దానికి అంటుకోకుండా మధ్యలో మౌంటు అట్ట పెట్టించండి. ఫ్రేము వెనుక కింది మూలల్లో చిన్న కార్కు ముక్కలు అతికిస్తే గోడకూ ఫ్రేముకూ మధ్య గాలి ఆడుతుంది. వానాకాలంలో నెమ్మెక్కే బయటి గోడ కంటే లోపలి గోడ మేలు.

చిత్రం మధ్యభాగం నేల నుంచి 145–150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలన్నది మ్యూజియంలు పాటించే లెక్క. సోఫా పైన తగిలిస్తే సోఫా వీపుకూ ఫ్రేముకూ మధ్య 15–20 సెంటీమీటర్లు చాలు. మన ఇళ్ళలో చిత్రాలను పైకప్పు దాపున తగిలించే అలవాటు ఎందుకు వచ్చిందో గాని, ఈ పొలాన్ని అంత ఎత్తులో పెడితే అందులోకి చూపు నడిచి వెళ్ళే దారి మూసుకుపోతుంది. రాత్రి దీపం విషయంలోనూ శ్రద్ధ అవసరం: నాసిరకం తెల్లటి ఎల్‌ఈడీల కింద ఎరుపు చచ్చిపోతుంది. పెట్టె మీద సీఆర్‌ఐ (రంగులను ఎంత సహజంగా చూపుతుందో తెలిపే అంకె) 90కి తక్కువ కాకుండా ఉన్న, పసుపు ఛాయ కలిగిన బల్బు తీసుకోండి.

ప్రశ్న: చిత్రాన్ని ఇంటర్నెట్ నుంచి దించుకొని ఇక్కడే ప్రింటు వేయించవచ్చా? చట్టం ఒప్పుకుంటుందా?
– ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: మోనే 1926 డిసెంబరులో మరణించారు. మన దేశంలో చిత్రకారుని మరణానంతరం 60 ఏళ్ళు కాపీరైటు ఉంటుంది గనుక, ఇప్పటి ఈ లెక్కన చూసినా ఆ గడువు 1986తోనే తీరింది. చిత్రం ఇప్పుడున్న పారిస్‌లోని ఓర్సే మ్యూజియం తలుపులు తెరిచింది కూడా ఆ ఏడాదే కావడం తమాషా. అయితే ఫొటోను ఏ సంస్థ సైటు నుంచి తీసుకుంటున్నారో ఆ సంస్థ షరతులు ఒకసారి చదవండి.

అసలు చిత్రం సుమారు 50 సెంటీమీటర్ల ఎత్తు, 65 సెంటీమీటర్ల వెడల్పు. అదే పరిమాణంలో వేయించాలంటే ఫైలు కనీసం 3000 × 3900 పిక్సెళ్ళైనా ఉండాలి. రెట్టింపు ఉంటే కుంచె జాడలు కూడా తెలుస్తాయి. షాపులో 18 × 24 అంగుళాలంటే పైనా కిందా రవ్వంత పోతుంది, పరవాలేదు. 20 × 30 అయితే మాత్రం ఆకాశంలోనో, ముందున్న పూలలోనో కోత తప్పదు. కొలతకు సరిపెట్టడానికి సాగదీస్తామంటే ఒప్పుకోకుండా, చుట్టూ తెల్లటి అంచు వదలమనండి.

ప్రశ్న: ఈ చిత్రానికి బంగారు నగిషీల ఫ్రేము బాగుంటుందా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: బంగారు ఫ్రేముల మీద ఇంప్రెషనిస్టుల బృందంలోనే విముఖత ఉండేది; మోనే తోటి చిత్రకారులైన పిసారో, దెగా తెల్లటి ఫ్రేములు కట్టించుకున్నారు. నా మట్టుకు నేనైతే సన్నటి, నునుపైన టేకు పట్టీ వేయిస్తాను. లోపలి మౌంటు మాత్రం పాలతెలుపే ఉండాలి. ఫ్రేము కట్టేవారు తరచుగా సూచించే ఎర్ర మౌంటుకు ఒప్పుకుంటే, పూలన్నీ వెలవెలపోతాయి.