కొన్ని బొమ్మలు ఒక్కసారి చూస్తే ఎందుకు గుర్తుండిపోతాయి?

అందం ఒక్కటే చాలదు. చూపును ముందు లాగేది తేడా. పాలంపేటలోని రామప్ప గుడినే చూడండి. 1213 నాటి ఆ గుడి గోడలది ఎర్రటి ఇసుకరాయి, చూరు కింద మదనికలనే స్త్రీ శిల్పాలవేమో నిగనిగలాడే నల్లరాయి. కన్ను నేరుగా వాటి మీదికే పోతుంది.

గుర్తుండిపోవడానికి మాత్రం ఊహించని చిన్న వివరం కావాలి. అక్కడ ఒక మదనిక కాళ్లకు ఎత్తు మడమల చెప్పులున్నాయి! నడుము వంపు మర్చిపోయినవాళ్లు కూడా ఆ చెప్పుల సంగతి ఇంటికెళ్లి చెప్తారు. నా దృష్టిలో శిల్పి గెలిచింది అక్కడే.

చేర్యాల నకాశీ పటాల్లోనూ, అంటే కథ చెప్పడానికి గుడ్డ మీద వేసే బొమ్మల్లోనూ, ఇలాంటి తేడానే పనిచేస్తుంది: వెనకంతా ఎరుపు, ముఖాల్లో పెద్దపెద్ద కళ్లు. పటం వేలాడదీసి కథ చెప్తుంటే, వెనక వరుసలో కూర్చున్నవాళ్లకూ పాత్ర ఎవరో తెలియాలి కదా.