సమాధానం: వీడియో చూస్తే ఉత్సాహం, తెల్లారితే భయం

మీలో ధైర్యం లేక కాదు, మీరు పెట్టుకున్న ఆదర్శం మరీ దూరంలో ఉంది. ఉద్యోగం వదిలి సొంత వ్యాపారం పెట్టాలని ఉందని, రాత్రి పారిశ్రామికవేత్త రతన్ టాటా వీడియోలు చూస్తే ఊపొస్తుందని, పొద్దున్నే "మనవల్ల కాదులే" అనిపిస్తుందని రాశారు. ఇంట్లో అందరూ స్టీల్‌ప్లాంట్ ఉద్యోగులే అన్నారు, అసలు విషయం అక్కడే ఉంది. మనలాంటివాళ్లు చేయగా చూస్తే "నేనూ చేయగలను" అన్న నమ్మకం పెరుగుతుందని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లోనే చెప్పారు.

1. విశాఖ గాజువాకలోని ఆటోనగర్ పారిశ్రామికవాడలో, ఉద్యోగస్తుల ఇంటి నుంచి వచ్చి చిన్న యూనిట్ నడుపుతున్న ఒకరిని వెతకండి.

2. చాలామంది వదిలేసేది ఇదే. "ఎలా గెలిచారు?" అని అడగకండి. మొదటి ఏడాది లెక్కల పుస్తకం చూపించమనండి. బిల్లు ఎన్నాళ్లకు చేతికొచ్చింది? జీతాలకు డబ్బు ఎక్కడ తెచ్చారు? ఇంట్లో ఏం చెప్పారు? నాకు ఒకాయన చూపించారు. మూడో నెల పేజీకి, ఇంటావిడ గాజులు తాకట్టు పెట్టిన రసీదు పిన్ను కొట్టి ఉంది. భయపడుతూనే నడిపారని కళ్లారా చూశాక నా టెన్షన్ సగం తగ్గింది.

3. నాలుగు శనివారాలు అక్కడే కూర్చోండి. ఒకసారి నాన్నగారినీ తీసుకెళ్లండి. మీరు చెబితే వినని మాట, ఆయన ఈడువారు చెబితే వింటారు.

అప్పటిదాకా ఉద్యోగం వదలకండి.