తేనెటీగలు కుట్టాక మూత్రం నల్లగా వస్తుంటే ఆగకండి

నాన్నగారిని తోటలో తేనెటీగల గుంపు కుట్టి మూడు రోజులైంది, వాపు తగ్గింది కానీ మూత్రం డికాషన్ రంగులో కొంచెమే వస్తోంది అన్నారు కదండీ, వాపు తగ్గిందని ఊరుకోకుండా ఇప్పుడే డయాలసిస్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒకేసారి చాలా కుడితే ఆ విషం కండరాలనీ ఎర్ర రక్తకణాలనీ దెబ్బతీస్తుంది, వాటిలోంచి బయటికొచ్చిన పదార్థాలు కిడ్నీలోని సన్నని గొట్టాలను పాడుచేస్తాయి. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది), పొటాషియం, సీపీకే (కండరాలు ఎంత దెబ్బతిన్నాయో తెలిపేది) పరీక్షలు, మూత్ర పరీక్ష తప్పకుండా చేయించండి.

నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వేస్తుంటే ఆపేయండి, కిడ్నీకి ఇంకా చేటు. చలవ చేస్తుందని కొబ్బరినీళ్లు మాత్రం పట్టించకండి, వాటిలో పొటాషియం ఎక్కువ, మూత్రం సరిగా రానప్పుడు అది ఒంట్లో పేరుకుంటే గుండెకే ప్రమాదం. డయాలసిస్ అంటే టెన్షన్ పడకండి, ఇలాంటి కేసుల్లో చాలామందికి కొన్ని వారాల్లో కిడ్నీలు కోలుకుంటాయి.