గొంతు పోల్చుకుంటున్నారు, ముఖం పోల్చుకోవడం లేదు – సమాధానం
అన్నా, పక్షవాతం వచ్చినప్పటి నుంచి మీ బాపు మనవణ్ణి చూసి "ఎవరీ పోరడు?" అంటున్నారని, వాడు "తాతా" అని పిలవగానే పోల్చుకుంటున్నారని రాశారు. ఇది మతిమరుపు కాకపోవచ్చు. కళ్లద్దాలు మార్చినా లాభముండదు.

మెదడు అడుగుభాగంలో ఫ్యూసిఫార్మ్ అనే మడత ఉంటుంది. ముఖాలను పోల్చుకునే పనిలో దానిది, ముఖ్యంగా కుడివైపు దానిది, పెద్ద పాత్ర. కళ్లు, ముక్కు, నోరు విడివిడిగా కాదు, వాటి మధ్య ఎడంతో సహా ముఖాన్ని మొత్తంగా పట్టుకుంటుంది. పక్షవాతంలో అక్కడ దెబ్బతింటే చెంబు, గొడుగు తెలిసినా సొంత కొడుకు ముఖం తెలియకపోవచ్చు. 1947లో జర్మన్ వైద్యుడు బోడామర్ దీనికి ప్రోసోపాగ్నోసియా అని పేరు పెట్టాడు.

హనుమకొండలో న్యూరాలజీ డాక్టరుకు పాత స్కానింగ్ చూపించి, ఆ గొంతు సంగతి తప్పక చెప్పండి. "నేనెవర్నో చెప్పు" అని పరీక్ష మాత్రం పెట్టకండి, పాపం చిన్నబుచ్చుకుంటారు. ఎవరొచ్చినా ముందు పేరు చెప్పి పలకరించమనండి.