ఎర్ర చుక్క కదల్లేదంటే మంట ఆగినట్టు కాదు

అమెరికాలో సియెర్రా కొండ మీద మా ఇల్లు, మ్యాప్‌లో ఎర్ర చుక్క మధ్యాహ్నం నుంచీ కదల్లేదు, కార్చిచ్చు ఆగినట్టేనా అని అడిగారు. కాదండీ, దయచేసి అలా అనుకోకండి. అది ఉపగ్రహం చూసిన 375 మీటర్ల గడికి మధ్య బిందువు, మంట అంచు కాదు. ఉపగ్రహం మళ్లీ అటుగా వచ్చేదాకా చుక్క మారదు. అసలు అంచును రాత్రిపూట అటవీ శాఖ విమానాలు వేడిని పసిగట్టే పరారుణ కెమెరాలతో పట్టుకుంటాయి. పొగలోంచీ చూడగలవు, దట్టమైన మబ్బైతే కష్టం. ఆ గీతకు గాలి, వాలు, ఎండుగడ్డిలోని తేమ కలిపి మంట ఎటు పాకుతుందో లెక్కగడతారు. 1972లో రోథర్మెల్ అనే కార్చిచ్చుల పరిశోధకుడు ఇచ్చిన సూత్రాలే ఇప్పటికీ చాలా లెక్కలకు పునాది. వాలు మీద మంట పైకే వేగంగా పాకుతుంది. మీ ఇల్లు పైన ఉందన్నారు, నా భయమంతా అదే. పైగా నిప్పురవ్వలు ఎగిరి ముందెక్కడో పడితే ఏ లెక్కకూ సరిగ్గా అందవు. ఖాళీ చేయమనే ఆదేశం దాకా ఆగకండి, హెచ్చరిక రాగానే పిల్లల్ని తీసుకుని బయల్దేరండి.